కొత్త ప్రభుత్వ భవనానికి స్థలం చూస్తున్నాం. పాత కట్టడాల అంశానికి ఎన్ని మార్కులు పెట్టాలి?

ఫైలుమోత:

అందరికీ నమస్కారం. మా శాఖకు కొత్త కార్యాలయ సముదాయం మంజూరైంది. స్థలం ఎంపిక కమిటీకి నోట్ తయారుచేసే పని నా నెత్తిన పడింది. చూసినవన్నీ వడపోశాక మూడు మిగిలాయి.

మొదటిది ఊరి నడిబొడ్డున ఉంది. అందులో పాత రాతి భవనం ఒకటుంది. ముందు గదుల్లో ఒక చిన్న ఆఫీసు నడుస్తోంది, మిగతా గదులకు తాళాలు. రెండోది ఒక రక్షిత కట్టడానికి దగ్గర్లో ఉన్న ఖాళీ స్థలం. మూడోది ఊరికి దూరంగా, పెద్ద రోడ్డు పక్కన బీడు. దాంతో ఏ గొడవా లేదని అందరూ అంటున్నారు.

కమిటీకి మార్కుల పట్టిక కావాలి. రవాణా, విస్తీర్ణం, ఖర్చు, నీళ్లు, కరెంటు, పార్కింగ్ అన్నిటికీ మార్కులు వేసి, అడుగున 'వారసత్వం' అని ఐదు మార్కులు పెట్టాను. ఒక సభ్యుడు దాన్ని పది చెయ్యమంటారు. ఇంకొకాయన ఆ గడే తీసేయమంటారు, 'కూలిపోయే గోడలకు మార్కులేంటి' అని. నాకు పాత భవనాలంటే ఇష్టమే, కానీ ఆఫీసు నోట్‌లో ఇష్టం అని రాయలేను కదా. ఐదా, పదా, ఇరవయ్యా? ఇలాంటి పని చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి. వచ్చే మీటింగ్ తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

గానుగసున్నం:

ఫైలుమోత గారూ, ఆ గడి తీసేయమన్న సభ్యుడితో నేను ఏకీభవిస్తాను. కాకపోతే నా కారణం వేరు.

పాత కట్టడాల మరమ్మతులు, వాటి మీద నివేదికలు నా వృత్తి. మార్కుల పట్టికతో వచ్చే చిక్కేంటంటే, ఒకచోట తగ్గినవి ఇంకోచోట పూడ్చుకోవచ్చు. పార్కింగ్‌లో నాలుగు ఎక్కువ వచ్చాయి కాబట్టి భవనం కూల్చినా ఫర్వాలేదు అని లెక్క తేలుతుంది. పార్కింగ్ చాలకపోతే రేపు ఇంకో స్థలం చూసుకోవచ్చు. కూల్చిన గోడను మళ్లీ తేలేం. ఇరవై మార్కులు పెట్టినా ఈ చిక్కు పోదు, కాస్త ఆలస్యంగా వస్తుందంతే.

అందుకని దాన్ని పట్టిక కంటే ముందుకు తీసుకెళ్లండి. ప్రతి స్థలానికీ మొదట ఒక ప్రశ్న వేయండి: ఇక్కడ కడితే తిరిగి తెచ్చుకోలేనిది ఏదైనా పోతుందా? పోతుంది, తప్పించే దారి లేదు అని తేలితే ఆ స్థలం పట్టికలోకే రాకూడదు. తప్పించే దారి ఉంటే, ఆ దారికయ్యే ఖర్చు ఖర్చు గడిలో వేయండి, కలిసొచ్చే విస్తీర్ణం విస్తీర్ణం గడిలో వేయండి. పాత భవనం అంటే అప్పటికే కట్టి ఉన్న గదులు. వాటి విలువ సున్నా అని ఎవరు తేల్చారు?

ముందు అడగకపోతే ఏమవుతుందో చూడాలంటే హైదరాబాద్‌లోని ఎర్రమంజిల్ మహలు ఉంది. 2019 జూన్‌లో తెలంగాణ మంత్రివర్గం కొత్త శాసనసభను అక్కడ కట్టాలని నిర్ణయించింది. అదే నెలలో శంకుస్థాపన కూడా అయిపోయింది. నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఆ మహలు 1981 నాటి జోనింగ్ నిబంధనల (ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పేవి) కింద వారసత్వ భవనాల జాబితాలో ఉన్నది. ఆ నిబంధన ఇప్పుడు లేదు, 2017లో తెచ్చిన కొత్త చట్టం జాబితాలో ఆ పేరు లేదు అన్నది ప్రభుత్వ వాదన. హైకోర్టు ఒప్పుకోలేదు, సెప్టెంబరులో మంత్రివర్గ నిర్ణయాన్నే కొట్టేసింది. అంటే మీ కమిటీలో 'అది జాబితాలో లేదు కదండీ' అనే మాట వస్తే అక్కడితో ఫైలు మూయకండి. ఏ జాబితా, ఎప్పటిది, తీసేశారా, తీసేసిన పద్ధతి సరైనదేనా అన్నది చూసి నోట్‌లో రాయండి. ఇంకో ముచ్చట: ఆ మహల్లో అంతకుముందు నుంచీ నడుస్తున్నవి ప్రభుత్వ ఇంజనీర్ల ఆఫీసులే.

నేను ఎక్కువగా చెప్పే ఉదాహరణ మాత్రం న్యూయార్క్‌ది. బ్రాడ్‌వేలో 290 నంబరు స్థలంలో 34 అంతస్తుల ఫెడరల్ (అక్కడి కేంద్ర ప్రభుత్వ) ఆఫీసు భవనం తలపెట్టారు. 18వ శతాబ్దపు పటాల్లో అక్కడ నల్లజాతివాళ్ల శ్మశానం అని స్పష్టంగా ఉంది. సర్వే చేసినవాళ్లూ ఆ పటం చూశారు. చూసి, ఆ తర్వాతి రెండు వందల ఏళ్లలో ఎన్నో భవనాలు లేచాయి, వాటి సెల్లార్ల కోసం తవ్వినప్పుడే ఎముకలన్నీ పోయుంటాయి అనుకున్నారు. 1991లో తవ్వితే పోలేదు. పాతకాలంలో ఆ పల్లాన్ని మట్టితో పూడ్చారు, సమాధులు సెల్లార్ల కంటే బాగా కింద భద్రంగా ఉండిపోయాయి. నాలుగు వందలకు పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఎక్కువమంది బానిసలు, వాళ్ల పిల్లలు.

తవ్వకం ఆపకుండా కొనసాగించబోతే ఆఫ్రికన్ అమెరికన్లు వీధిలోకి వచ్చారు, విషయం అమెరికా చట్టసభ కాంగ్రెస్ దాకా వెళ్లింది. 1992లో ఆ స్థలంలో ఒక భాగంలో కట్టడం ఆపేశారు. టవర్ మాత్రం లేచింది. తీసిన అవశేషాలను హోవర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధించి 2003లో తిరిగి అక్కడే పూడ్చారు. 2006లో ఆ చోటు జాతీయ స్మారకమైంది. ఇప్పుడు అక్కడికి జనం ఆ స్మారకం చూడటానికే వెళ్తారు.

అక్కడ చట్టం లేక కాదు. 1966 నుంచే అమెరికాలో చట్టం ఉంది: ఫెడరల్ సొమ్ము ఖర్చు పెట్టకముందే చారిత్రక స్థలాల మీద ప్రభావం ఎలా ఉంటుందో ఆ శాఖ లెక్కలోకి తీసుకోవాలి. కూల్చకూడదని ఆ చట్టం చెప్పదు, ముందు ఆలోచించమంటుంది. ఆలోచించారు కూడా, పటం చూశారు. కానీ భూమిలో నాలుగు పరీక్ష గుంతలు తీయాల్సిన చోట 'పోయుంటాయిలే' అనే ఊహతో సరిపెట్టుకున్నారు. మీ నోట్‌లో 'ఉండకపోవచ్చు' అనే మాట ఎక్కడున్నా దాని కింద గీత గీయండి.

రిటైర్డ్ ఈఈ:

గానుగసున్నం గారి మాటలు బాగున్నాయి. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా భవనాలు కట్టించి, ఆ తర్వాత వాటి మరమ్మతుల కోసం ముష్టెత్తుకున్నవాడిగా నేను రెండో పక్క చెప్తాను.

పాత భవనంలో ఆఫీసు పెట్టమనడం సులువు. మెట్లు ఎత్తు, లిఫ్టుకు చోటుండదు. చక్రాల కుర్చీలో వచ్చే మనిషి గడప దగ్గరే ఆగిపోతాడు. ప్రభుత్వ ఆఫీసుకు వచ్చేవాళ్లలో పింఛను కోసం వచ్చే ముసలివాళ్లు ఎంతమందో చూడండి. దూలాల కప్పు మీద రికార్డు గది పెడితే ఆ బరువుకు అది దిగిపోతుంది. కాగితం ఎంత బరువో ఫైళ్లు మోసినవాడికే తెలుసు. మరుగుదొడ్లు, కరెంటు తీగలు, నెట్‌వర్క్ కేబుళ్లు, ఏసీ గొట్టాలు అన్నీ ఆ గోడలకు కన్నాలు పెట్టే వెళ్లాలి. అప్పుడు మళ్లీ మీరే వచ్చి గోడ పాడు చేశారంటారు.

దానికి తోడు కొత్త భవనానికి డబ్బిస్తారు, పాతదాని మెయింటెనెన్స్‌కు ఇవ్వరు. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడు. దొరికినవాడు సిమెంటు పూసి వెళ్తాడు. ఎడింబరోలో స్కాట్లాండ్ పార్లమెంటు కట్టినప్పుడు ఆ ఆవరణలోని పాత ఇంటిని కూడా కలుపుకున్నారు. మొదట ఒకటి నుంచి నాలుగు కోట్ల పౌండ్లన్నారు, చివరికి 41 కోట్లు దాటింది. నా మాటైతే, పాత భవనాన్ని మ్యూజియం వాళ్లకు అప్పజెప్పి ఆఫీసు బీడులో కట్టండి. రెండూ బతుకుతాయి.

గానుగసున్నం:

ఈఈ గారూ, సిమెంటు సంగతి మీరే ఎత్తారు కాబట్టి నాకు శ్రమ తగ్గింది. సున్నం గోడ లోపలి తేమను బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచి రాయి పొరలు పొరలుగా రాలుతుంది. అప్పుడు 'శిథిలావస్థ' అని రిపోర్టు రాస్తారు, ఆ రిపోర్టు పట్టుకుని కూలుస్తారు. కాబట్టి ఫైలుమోత గారూ, మొదటి స్థలంలో భవనం శిథిలమైందని కాగితం ఉంటే అది ఎవరిచ్చారో చూడండి. కంటితో చూసి రాసిందా, గోడలకు, కప్పుకు, పునాదికి పరీక్షలు చేసి రాసిందా? చాలా రిపోర్టుల్లో మసిబారిన ఫొటోలు తప్ప ఇంకేం ఉండవు.

లిఫ్టు, రికార్డు గది విషయంలో ఈఈ గారి మాటకు తిరుగు లేదు. నేనూ పాత భవనంలోకి ఆఫీసు మొత్తం తోయమనడం లేదు. జనం వచ్చే కౌంటర్లు, రికార్డులు, సర్వర్లు, మరుగుదొడ్లు కొత్త బ్లాకులో నేల మట్టంలో పెట్టండి. పాతదానికి సమావేశ మందిరం, శిక్షణ గది, చదువుకునే గది, అధికారుల గదుల్లాంటివి ఇవ్వండి. రెంటినీ కలిపే నడవాలో ర్యాంపు, లిఫ్టు వస్తాయి. అప్పుడు పాత గోడకు కన్నం పెట్టే పనీ తగ్గుతుంది.

ఎడింబరో లెక్కను మాత్రం పాత ఇంటి మీద రుద్దకండి. ఆ ఇల్లు, అంటే క్వీన్స్‌బరీ హౌస్, ఖర్చు ఆ మొత్తంలో ఉంది, నిజమే. కానీ ఆ ఖర్చు ఎందుకు పెరిగిందో చూసి 2004లో వచ్చిన ఫ్రేజర్ విచారణ ప్రధానంగా తప్పుబట్టింది కాంట్రాక్టు పద్ధతిని. డిజైన్ పూర్తి కాకుండానే ప్యాకేజీల వారీగా పనులు అప్పగించుకుంటూ పోయారు. నష్టభయమంతా ప్రభుత్వం మీదే పడింది. స్థలం ఎంపికలో అసలు విచిత్రం ఇంకోటుంది. ఎడింబరోలోనే కాల్టన్ కొండ మీద పాత రాయల్ హైస్కూలు భవనాన్ని 1970లలోనే శాసనసభ కోసమని సిద్ధం చేశారు. దాన్ని కాదని ఇప్పుడు పార్లమెంటు ఉన్న హోలీరూడ్‌కు వెళ్లారు. అది సరా కాదా అని అక్కడివాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు, నేను తీర్పు చెప్పను.

'మ్యూజియం వాళ్లకు అప్పజెప్పండి' అన్నదాని మీద నాకు పెద్ద అభ్యంతరం ఉంది. ఎంత పెద్ద ఊరికైనా ఎన్ని మ్యూజియాలు కావాలి? రోజూ తలుపు తీసే మనిషి ఉన్న భవనం బతుకుతుంది. కప్పు కారితే సాయంత్రానికల్లా ఎవడో ఒకడు ఫిర్యాదు చేస్తాడు. తాళం వేసిన భవనంలో కారుతూనే ఉంటుంది. మొదటి స్థలంలో ఆ చిన్న ఆఫీసు వాడుతున్న గదులు, తాళం వేసిన గదులు పక్కపక్కన పెట్టి ఫొటోలు తీసి నోట్‌కు జత చేయండి. అంతకంటే బలమైన వాదన నా దగ్గర లేదు.

ఇక కూల్చడానికి అసలు ఒప్పుకోనివాణ్ణని అనుకోకండి. జొహానెస్‌బర్గ్‌లో దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానాన్ని పాత కోట జైలు ఆవరణలో కట్టారు, 2004లో తెరిచారు. గాంధీని, మండేలాను ఉంచిన జైలు అది. ఆ చరిత్ర ఉంది కాబట్టే అక్కడ కట్టారు. విచారణ ఖైదీల బ్లాకును కూల్చారు. కానీ దాని మెట్ల గదులు నాలుగూ నిలిపి ఉంచారు, దాని ఇటుకలతోనే కొత్త న్యాయస్థానం గోడలు కట్టారు. ఏది ఉంచాలి, ఏది పోయినా ఫర్వాలేదు అని ముందే కూర్చుని తేల్చుకుంటే ఇంత స్వేచ్ఛ దొరుకుతుంది. మీ రాతి భవనం వెనక ఆ తర్వాతెప్పుడో వేసిన రేకుల షెడ్డు ఉంటే, దాన్ని తీయడానికి నా అనుమతి అక్కర్లేదు.

పరీక్షగుంత:

రెండో స్థలం గురించి ఎవరూ మాట్లాడలేదు. తవ్వకాల పని చేస్తాను కాబట్టి దాని గురించి చెప్తాను.

ఆ కట్టడం కేంద్రం రక్షణలో ఉన్నదా, రాష్ట్రం రక్షణలో ఉన్నదా? ముందు అది తేల్చుకోండి, నిబంధనలు వేరు. కేంద్ర రక్షిత కట్టడమైతే రక్షిత ప్రాంతం హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధం, ఆ తర్వాత 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలవాల్సింది గుడి గోడ నుంచో బురుజు నుంచో కాదు, రక్షిత ప్రాంతం హద్దు నుంచి. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. 'మనది ప్రభుత్వ పని కదా, మినహాయింపు ఉంటుందిలే' అనుకోవద్దు. 2010లో 1958 నాటి చట్టాన్ని సవరించినప్పుడు ప్రజాప్రయోజన పనులకూ నిషిద్ధ ప్రాంతంలో అనుమతి ఇవ్వకూడదని రాశారు. నియంత్రిత ప్రాంతంలో అయితే అనుమతి తీసుకుని కట్టొచ్చు. కాకపోతే ఎత్తు దగ్గర బేరం తప్పదు. మీరు అనుకున్న అంతస్తులు రాకపోతే ఆ స్థలం మీకు చాలుతుందా అన్నది పట్టికలో చూడాలి.

కాగితం మీద దూరం సరిపోయినా భూమి లోపల సరిపోకపోవచ్చు. పునాది గుంతలో ఊరే నీటిని నెలల తరబడి తోడేస్తే చుట్టుపక్కల నేల కుంగుతుంది. లోతు తక్కువ పునాదుల మీద ఉన్న పాత కట్టడం మొదట పగులుతుంది. పైళ్లు (పునాది కోసం భూమిలోకి లోతుగా దించే స్తంభాలు) సుత్తితో దించితే అదురు. బోరు వేసి పోసే పైళ్లకు ఆ బాధ తక్కువ. సెల్లార్ పార్కింగ్ మానుకుంటే సగం సమస్య పోతుంది. పని మొదలుకాకముందే పక్క కట్టడంలో ఉన్న ప్రతి పగులుకూ ఫొటో తీసి, గాజు పట్టీలు అతికించండి. పట్టీ పగిలితే గోడ కదిలినట్టు. అది లేకపోతే రేపు 'ఈ పగులు పాతదే' అని కాంట్రాక్టరు, 'కాదు' అని మీరు, తేలదు.

కాంట్రాక్టులో ఒక షరతు కూడా రాయించండి: తవ్వేటప్పుడు ఏదైనా బయటపడితే పని ఆపాలి, ఆపిన రోజులకు కాంట్రాక్టరుకు నష్టం రాకుండా గడువు పెంచాలి. రెండో సగం రాయకపోతే మొదటి సగం పనిచేయదు. రోజుకింత జరిమానా పడుతుందని తెలిసినవాడు కుండపెంకు కనిపిస్తే మట్టి కప్పేస్తాడు, వాణ్ణి తిట్టి లాభం లేదు.

ఫైలుమోత:

అందరికీ చాలా థాంక్స్. రెండో స్థలం హద్దు కొలిపించమని ఈ రోజే అడిగాను.

ఒక్క సందేహం మిగిలింది. ఇవన్నీ చెప్తే కమిటీ 'అందుకే మూడోది తీసుకుందాం, తలనొప్పి ఉండదు' అంటుంది. దానికి ఏం చెప్పాలి?

గానుగసున్నం:

రెండు విషయాలు చెప్పండి. మొదటిది, బీడు ఖాళీ అని ఎవరు చూశారు? కట్టడం లేదంటే చరిత్ర లేదని కాదు. పరీక్షగుంత గారి మనుషులు ఒకసారి నడిచి చూసేదాకా 'గొడవ లేదు' అని రాయకండి, 'ఇంకా చూడలేదు' అని రాయండి.

రెండోది పెద్దది. ఆఫీసు బయటికి వెళ్తే నడిబొడ్డున మిగిలిన రాతి భవనం గతేంటి? ఆ చిన్న ఆఫీసు కూడా ఎలాగూ కొత్త చోటికే పోతుంది, తాళాలన్నీ పడతాయి. ఆ తర్వాత ఏమవుతుందో పైన చెప్పాను. అంటే మూడో స్థలం ఎంచుకోవడం వల్ల కూడా పాత భవనం పోవచ్చు, నెమ్మదిగా పోతుంది కాబట్టి ఎవరి సంతకమూ కనపడదు. అందుకే అమెరికాలో 1996లో అధ్యక్షుడి ఉత్తర్వు ఒకటి వచ్చింది. ఫెడరల్ శాఖలు ఆఫీసు కోసం వెతికేటప్పుడు మొదట నగరాల నడిబొడ్డున, చారిత్రక ప్రాంతాల్లో ఉన్న చారిత్రక భవనాలు పనికొస్తాయేమో చూడాలి, కుదరకపోతేనే వేరే చోటికి పోవాలి అని. కుదరదు అనడానికి అందులో దారి ఉండేది, కాకపోతే ముందు చూసి తీరాల్సి వచ్చేది. 2025లో ఆ ఉత్తర్వును రద్దు చేశారు, కానీ ఆ ప్రశ్న మాత్రం సరైనదే.

మీ నోట్‌లోనూ అదే అడగండి. మూడో స్థలమే ఖాయం చేసేటట్టయితే, రాతి భవనాన్ని ఎవరు వాడతారు, మరమ్మతు డబ్బు ఏ పద్దు నుంచి వస్తుంది అన్నది అదే తీర్మానంలో ఉండాలి. దాని ఖర్చు మూడో స్థలం ఖర్చులోనే కలపాలి. అప్పుడు బీడు ఎంత చవకో చూద్దాం.

రిటైర్డ్ ఈఈ:

ఈ చివరి మాటతో నాకు పేచీ లేదు. ఆ పద్దు రాయించగలిగితే బీడు అన్న నా మాట వెనక్కి తీసుకోవాల్సి వస్తుందేమో కూడా. రాయించడం కష్టం, ప్రయత్నించండి. ఫైనాన్స్ వాళ్లు 'తర్వాత చూద్దాం' అంటారు. సంతకం పెట్టించుకోకుండా లేవకండి.

ఫైలుమోత:

వారసత్వం గడి తీసేశాను. పట్టికకు ముందు విడిగా ఒక పేజీ పెట్టాను: ప్రతి స్థలంలో ఏముంది, ఎవరు చూశారు, ఏ పరీక్ష చేశారు, ఏది పోతే తిరిగి రాదు. మొదటి స్థలానికి రెండు లెక్కలు వేస్తున్నాం, భవనం ఉంచి ఒకటి, లేకుండా ఒకటి. తాళాల గదులు తెరిపించమని లేఖ పెట్టాను. బయటి నుంచి చూస్తే కప్పు అంచున రావి మొక్కలు మొలిచి ఉన్నాయి. ఫొటోలకు ముందు పీకించేయనా?

గానుగసున్నం:

పీకించకండి! వేళ్లు రాళ్ల సందుల్లోకి దిగి ఉంటాయి, లాగితే రాళ్లు కూడా వస్తాయి. ఉన్నది ఉన్నట్టే ఫొటో తీయండి. తర్వాత కాండాన్ని మొదలు దగ్గర కోయించి, కోసినచోట వేరును చంపే మందు వెంటనే పూయించండి. పూర్తిగా ఎండాకే వేరు తీసి, ఆ సందులు సున్నంతో నింపాలి. సిమెంటు బస్తా ఆవరణలో కనిపిస్తే ఈఈ గారిని పిలవండి.

రిటైర్డ్ ఈఈ:

పిలవండి, వస్తాను.